నోటుపుస్తకము అంచున నవ్వు మొగము

పాఠశాలలో విద్యార్థుల నోటుపుస్తకములు దిద్దు ఉపాధ్యాయునకు లెక్కల నడుమను, వ్యాకరణ సూత్రముల ప్రక్కను ఒక వింత ప్రపంచము తరచుగా ఎదురగుచుండును. పుట అంచున ఒక సున్న. సున్నలో రెండు చుక్కలు. చుక్కలపై రెండు గీతలు. క్రింద ఒక వంపు. అది ఒక మొగము. ఆ మొగము ఒకచోట కోపముతో నుండును, మరియొకచోట ఇకిలించుచుండును, వేరొకచోట నిద్రకు తూగుచుండును. ఏ పాఠ్యప్రణాళికలోను దానికి స్థానము లేదు. గీయుమని ఎవరును చెప్పలేదు; గీయుట ఎవరును నేర్పలేదు. అయినను తరము తరమునకు అది పుట్టుచునే యున్నది. దానిని చూచిన ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీయును, లేదా మందలించును, లేదా, మంచివాడైనచో, చూచియు చూడనట్లు పుట త్రిప్పివేయును. ఈ మూడింటిలో ఏదియు ఆ మొగమునకు తగిన మర్యాద కాదు. అది పాఠమునకు అడ్డువచ్చిన అల్లరి మాత్రమే కాదు. స్వయముగా ఒక పాఠమునకు తొలి అక్షరము. ఆ పాఠమును ముందుకు నడిపించు గురువు దొరకకపోవుటయే లోపము.

పాఠశాలలలో చిత్రలేఖనము బొత్తిగా లేదని చెప్పుటకు వీలులేదు. కాని ఉన్నచోట కూడ జరుగుచున్నదేమి? నల్లబల్లపై ఉపాధ్యాయుడు ఒక మామిడిపండు గీయును. పిల్లలందఱు ఆ మామిడిపండునే దించుకొందురు. రెండు కొండలు, నడుమ సూర్యుడు, క్రింద ఒక ఇల్లు, ఇంటి ప్రక్క ఒక కొబ్బరిచెట్టు. కొండను చూచి యెఱుగని కోనసీమ బాలుడును, కొబ్బరిచెట్టు చూచి యెఱుగని పాలమూరు బాలిక యును ఇదే దృశ్యమును ఒకే తీరున గీయుదురు. పరీక్షలు సమీపింపగానే ఆ పీరియడు సైతము లెక్కలకో, సైన్సునకో పోవును. కళలను చదువునకు వెలుపలి వ్యాపకములుగా చూడరాదనియు, ఇతర పాఠములతో జోడించి బోధింపవలెననియు 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పినది. పత్రములోని ఆ మాట తరగతిగదిలోనికి వచ్చుటకు గొప్ప సామగ్రి అక్కరలేదు. ఒక పెన్సిలు, ఒక కాగితము, పిల్లవాని గీత యెడల కొంత ఆసక్తి చాలును. ఇందులకు నిదర్శనముగా ఒక బడిపంతులు చరిత్ర కలదు.

ఆయన పేరు రొడోల్ఫ్ టోప్ఫర్. నేటి స్విట్జర్లాండులోని జెనీవా నగరమున 1799లో జన్మించెను. తండ్రి పేరుపొందిన చిత్రకారుడు. కుమారుడును ఆ మార్గముననే నడువదలచెను. కాని కంటిజబ్బు అడ్డువచ్చెను. గంటల తరబడి రంగులతో కృషిచేయవలసిన చిత్రకారుని జీవితము తనకు సాధ్యము కాదని గ్రహించి, ఆయన ఉపాధ్యాయ వృత్తిని చేపట్టెను. 1820ల దశకమున విదేశముల నుండి వచ్చు బాలుర కొఱకు వసతితో కూడిన పాఠశాలను నెలకొల్పెను. సెలవు దినములలో శిష్యులను వెంటబెట్టుకొని ఆల్ప్స్ పర్వతములలో కాలినడకన యాత్రలు చేయుచుండెను. 1832 నుండి జెనీవా అకాడమీలో సాహిత్యాచార్యుడుగ కూడ పనిచేసెను. రంగుల కుంచె చేజారినను, కలము చేతిలో మిగిలినది. ఆ కలముతోనే ఆయన సాయంకాల సమయములందు పిల్లల వినోదము కొఱకు వరుస బొమ్మలతో హాస్యకథలు గీయసాగెను. ప్రతి బొమ్మ క్రిందను ఒకటి రెండు వాక్యములు. బొమ్మ లేనిచో వాక్యము అర్థము కాదు, వాక్యము లేనిచో బొమ్మ అర్థము కాదు.

ఆచార్య పదవిలో నున్నవాడు ఇట్టి వేళాకోళపు బొమ్మలను ప్రకటించుటకు తొలుత సంకోచించెను. అవి చేతివ్రాత ప్రతులుగనే మిత్రుల నడుమ తిరుగుచుండెను. ఒక మిత్రుని మూలమున 1830–31 ప్రాంతమున అవి జర్మన్ మహాకవి గేటే కంటబడినవి. ఎనుబది యేండ్లు దాటిన ఆ వృద్ధకవి వానిని చూచి ఆనందించి మెచ్చుకొనెను. ఆ మెప్పు టోప్ఫర్‌నకు ధైర్యమిచ్చినది. ‘మొస్యూ జాబో’ మొదలుగా ఏడు చిత్రకథలు ఆయన జీవితకాలములోనే వెలువడినవి. వానిలో నొకటి ఆంగ్లములోనికి మారి, 1842లో న్యూయార్కు నగరమున ఒక పత్రికకు అనుబంధముగా వెలువడెను. చిత్రకథల చరిత్ర వ్రాయువారు నేడు ఆయనను ఆ కళకు మూలపురుషులలో నొకనిగ లెక్కించుచున్నారు. తరగతిలో పిల్లలను నవ్వించుటకు పుట్టిన బొమ్మ ఖండాంతరములు దాటినది. అది గొప్ప విషయమే. కాని ఉపాధ్యాయులు గమనింపవలసినది అంతకంటె గొప్ప విషయము వేరొకటి గలదు.

1846లో మరణించుటకు ఒక సంవత్సరము ముందు టోప్ఫర్ ముఖలక్షణములను గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. అందు ఆయన చెప్పిన మొదటి సత్యము ఆశ్చర్యము గొలుపునంత సులభమైనది. ఎంత వంకరగా గీచినను, మొగమని గుర్తింపదగిన ప్రతి బొమ్మకును ఏదో యొక భావముండి తీరును. భావము లేని మొగమును గీయుట ఎవరికిని సాధ్యము కాదు. పసివాడు గీచిన సున్న సైతము తెలివితక్కువగనో, దిగులుగనో, ధీమాగనో కనబడక మానదు. 1960లో వెలువడిన తన గ్రంథమున కళాచరిత్రకారుడు గోంబ్రిచ్ దీనికి ‘టోప్ఫర్ నియమము’ అని పేరిడెను. ఈ నియమము తెలిసినచో “నాకు బొమ్మలు రావు” అను మాటకు అర్థముండదు. బొమ్మ వచ్చుచునే యున్నది. కావలసిన భావము మాత్రము ఇంకను రాలేదు. అది ఎట్లు వచ్చునో కనుగొనుటకు గీచిన మొగమునే ప్రశ్నింపవలెను. ఈతడు మందబుద్ధివలె ఏల కనబడుచున్నాడు? కనుబొమల వలననా? క్రింది పెదవి వలననా? ఒక గీతను మార్చి చూడవలెను. మరల ఇంకొక గీతను మార్చి చూడవలెను. ప్రయోగశాలలో విద్యార్థి చేయు పనికిని దీనికిని భేదము లేదు.

టోప్ఫర్ అట్లే చేసి చూపెను. మొగములో ఒక భాగమును మార్చక, తక్కిన భాగమును మాత్రమే మార్చుచు వరుసలు వరుసలుగా తలలు గీచెను. ఆ ప్రయోగముల నుండి ఆయన గ్రహించిన రెండవ సత్యము మరింత విలువైనది. మొగములోని గుర్తులు రెండు విధములు. నుదురు, ముక్కు, తల ఆకారము మొదలగునవి స్థిరమైన గుర్తులు. అవి పుట్టుకతో వచ్చినవి. కనుబొమల ముడి, పెదవి వంపు, కన్నుల విప్పు మొదలగునవి చంచలమైన గుర్తులు. అవి మనసుతోపాటు మారునవి. నవ్వు, ఏడ్పు, భయము, ఆశ్చర్యము చంచలమైన గుర్తులలో నుండును; వానిని చూచి ఆ క్షణమందలి మనోభావమును దాదాపు తప్పక చెప్పవచ్చును. స్థిరమైన గుర్తులను విడివిడిగా చూచి ఒక మనుష్యుని బుద్ధిని గాని, గుణమును గాని నిర్ణయింప పూనుకొన్నవాడు మోసపోవును. చూపుమేర చిన్నదిగా నున్న ఈ భేదములో ఒక చిత్రకళా సూత్రమును, ఒక నీతిసూత్రమును కూడ ఇమిడి యున్నవి.

మొదట చిత్రకళా సూత్రమును చూడవలెను. ముఖభావములు కదలికలలో నుండునను సంగతి భారతదేశమునకు క్రొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రము ముఖాభినయమును వివరించుచు చూపులను 36 విధములుగను, కనుబొమల కదలికలను 7 విధములుగను, ముక్కు, చెక్కిళ్లు, క్రింది పెదవి కదలికలను ఒక్కొక్కదానిని 6 విధములుగను విభజించినది. ఇచట ముక్కును గూర్చిన లెక్కను ప్రత్యేకముగా గమనింపవలెను. ముక్కు పొడవా, పొట్టియా అని భరతుడు చూడలేదు; నాసాపుటములు ఉబ్బినవా, ముకుళించినవా, శ్వాస నిండుగా వచ్చుచున్నదా అని చూచెను. కూచిపూడి వేదికపై ఒకే మొగము సత్యభామ గర్వమును, విరహమును, పశ్చాత్తాపమును వరుసగా చూపుచున్నదనగా ఆ మొగములో మారినవి చంచలమైన గుర్తులు మాత్రమే. నటి చేయునదే గీతతో చేయువాడు హాస్యచిత్రకారుడు.

పందొమ్మిదవ శతాబ్దమున శాస్త్రజ్ఞులును ఈ దారినే నడచిరి. 1862లో ఫ్రెంచి వైద్యుడు డుషెన్ ముఖకండరములపై తాను జరిపిన విద్యుత్ప్రయోగములను ప్రకటించెను. పెదవుల కొనలు పైకి లేచినంత మాత్రమున నిజమైన నవ్వు కాదనియు, కంటి చుట్టునున్న కండరము కూడ కదలినపుడే అది హృదయపు నవ్వగుననియు ఆయన చూపెను. పెదవిని ఇచ్చవచ్చినట్లు కదల్పవచ్చును. కంటి కండరము అంత సులభముగా మాట వినదు. 1872లో డార్విన్ మనుష్యులందును, జంతువులందును భావప్రకటనమును గూర్చి వ్రాసిన గ్రంథములో డుషెన్ ప్రయోగములను వినియోగించుకొనెను. చిత్రము గీయు విద్యార్థికి దీనివలన కలుగు ప్రయోజనము ప్రత్యక్షమైనది. నవ్వు మొగమును గీచి, అది అతికించినట్లున్నదని బాధపడు బాలుడు మూతినే మరల మరల దిద్దుచుండును. తప్పు మూతిలో లేదు. కంటి క్రింద గీయవలసిన చిన్న వంపు లేదు. అద్దము ముందు నిలిచి ఒకసారి నవ్వి చూచినచో ఆ వంపు దొరకును.

తరగతిలో ఈ పాఠమునకు కావలసిన ప్రణాళిక ఎంతయు తేలికయైనది. కనుబొమలు మూడు విధములుగా గీయవచ్చును: ముక్కు వైపునకు వాలినవి, ముక్కు వైపున లేచినవి, సమముగా నున్నవి. మూతి మూడు విధములు: పైకి వంగినది, క్రిందికి వంగినది, తిన్ననిది. మూడు మూళ్లు తొమ్మిది మొగములు. కన్నులను కూడ మూడు విధములుగా మార్చినచో — పూర్తిగా తెఱచినవి, సగము మూసినవి, ఓరచూపు చూచునవి — ఇరువదియేడు మొగములు. ఒకే సున్న, ఒకే ముక్కు, ఇరువదియేడు మనఃస్థితులు. లెక్కల ఉపాధ్యాయుడు గుణకారమును ఇంతకంటె నవ్వుచు నేర్పగల అవకాశము అరుదు.

ఆ పిమ్మట పని తెలుగు ఉపాధ్యాయునిది. ఇరువదియేడు మొగములకును పేర్లు పెట్టుమని పిల్లలను అడుగవలెను. కోపము, సంతోషము, దుఃఖము అను మూడు మాటలతో మొదలుపెట్టిన తరగతి కొంతసేపటికి మాటలు చాలక తడుముకొనును. అప్పుడు తెలుగుభాష తన కొట్టు తెఱచి చూపును. అలుక వేరు, కినుక వేరు, ఉక్రోషము వేరు. జంకు వేరు, బెరకు వేరు, బెదురు వేరు. పెదవి విఱుచుట, మూతి ముడుచుట, నొసలు చిట్లించుట, ముక్కున వేలు వేసికొనుట, బిక్కమొగము వేయుట, బింకముగా చూచుట — ఈ పలుకుబడులన్నియు పూర్వులు గీచిన ముఖచిత్రములే. నిఘంటువులో అర్థము చూచి కంఠస్థము చేసిన విద్యార్థి అలుకకును, కోపమునకును గల భేదమును మఱచిపోవచ్చును. రెంటిని ప్రక్కప్రక్కన గీచిన విద్యార్థి మఱవడు. తనపై ప్రేమ ఉన్నవారి ముందే అలుక సాధ్యమనియు, అలిగిన కన్ను ఎదుటివారు బుజ్జగించుటకు వచ్చుచున్నారా అని ఓరగా చూచుచుండుననియు గీయునపుడే తెలియును.

భావము చేజిక్కిన తరువాతి మెట్టు పాత్రసృష్టి. మొగము వేరు, పాత్ర వేరు. మొగము ఒక క్షణమునకు చెందినది; పాత్ర ఒక జీవితమునకు చెందినది. ‘మొస్యూ క్రేపాన్’ అను తన చిత్రకథ ముందుగా వేసికొన్న పథకము నుండి గాక, యథాలాపముగా గీచి చూచు తలలలో దొరికిన ఒక మొగము నుండి పుట్టినదని టోప్ఫర్ చెప్పుకొనెను. ఆ మొగమును చూచి, ఈతనికి ఏమి కావలెను, ఏమి విసుగు అని ప్రశ్నించుకొనగా కథ దానంతట అదియే వచ్చినది. క్రేపాన్‌నకు పదునొకండుగురు పిల్లలు. వారికి చదువు చెప్పించుటకు ఒకని తరువాత ఒకనిగా ఉపాధ్యాయులను పెట్టుకొనును. ఒక్కొక్కనికి ఒక్కొక్క బోధనా పద్ధతిపై పిచ్చి. వారిలో నొకడు పిల్లల తలలు తడిమి, పుఱ్ఱెమీది ఎత్తుపల్లములనుబట్టి బుద్ధిని తేల్చు శాస్త్రజ్ఞుడు! బడిపంతులే బోధనా పద్ధతుల వెఱ్ఱిని ఇంత హాయిగా ఎగతాళి చేసిన సందర్భములు సాహిత్యమున ఎక్కువగా లేవు.

పాత్రను నిలబెట్టునవి ఏవి? గుర్తులు కొలది, కాని అవి మాఱరాదు. భారతదేశమున అందఱెఱిగిన ఉదాహరణము ఆర్. కె. లక్ష్మణ్ సృష్టించిన సామాన్యుడు. 1951 మొదలుకొని ఆంగ్ల దినపత్రికలో దశాబ్దముల పాటు కనబడిన ఆ వృద్ధునకు ధోవతి, గళ్లకోటు, కళ్లజోడు, కుంచెవంటి మీసము, బట్టతలపై కొలది వెండ్రుకలు, ఇంతే ఆస్తి. ఆయన మాటాడడు. మంత్రులు మాటాడుదురు, అధికారులు మాటాడుదురు. ఆయన ఒక ప్రక్కన నిలిచి చూచును. ఆ మౌనమే ఆయన స్వభావము. ఆ స్వభావమే హాస్యము. లక్ష్మణ్ బాల్యమున తాను గీచిన రావియాకును ఒక ఉపాధ్యాయుడు మెచ్చుకొని, నీవు చిత్రకారుడవగుదువని చెప్పిన మాటను జీవితాంతము తలచుకొనెను. తరువాత ఒక చిత్రకళాశాల ఆయనకు ప్రవేశము నిరాకరించినను, ఆ బడిపంతులు మాట ఓడిపోలేదు. పిల్లవాని గీతపై ఉపాధ్యాయుడు పలుకు ఒక్క వాక్యమునకు ఎంత ఆయుర్దాయము గలదో దీనివలన తెలియును.

తెలుగునాట ఈ సంప్రదాయమునకు మూలములు లోతైనవి. తోలుబొమ్మలాటలో రామరావణుల నడుమ చొరబడి గ్రామమును నవ్వించు కేతిగాడును, జుట్టుపోలిగాడును, బంగారక్కయును కొత్తపాత్రను ఎట్లు కల్పింపవలెనో శతాబ్దముల క్రిందటనే చూపినారు. తోలుబొమ్మ మొగము మాఱదు. అయినను ఆడించువాని చేయియు, గొంతుకయు దానికి వేయి భావములను ఇచ్చును. 1950ల దశకమున ముళ్లపూడి వెంకటరమణ కలము నుండియు, బాపు కుంచె నుండియు పుట్టిన బుడుగు మఱియొక విధమైన ఉదాహరణము. బుడుగు లోకమును తనదైన భాషతో, తనదైన తర్కముతో చూచును. పెద్దల లోకము ఆ చూపునకు తలక్రిందులగును. వాని మాట, వాని బొమ్మ ఒకదానినుండి మరియొకటి విడదీయరానివి. 2011లో రమణయు, 2014లో బాపును కన్నుమూసినను బుడుగునకు వయసు పెరుగలేదు. పాత్ర బ్రదుకుట అనగా ఇదియే. ఈ పాత్రలలో ఏ ఒక్కదానిని చూచినను నవ్వు వచ్చునది వారి ఆకారమును చూచి కాదు. వారు లోకముతో తలపడు తీరును చూచి.

ఇచటనే పైన చెప్పిన నీతిసూత్రము ఎదురగుచున్నది. స్థిరమైన గుర్తులను చూచి మనుష్యుని వెలకట్టు వెఱ్ఱి టోప్ఫర్ కాలమున శాస్త్రముగా చెలామణి యగుచుండెను. లవాటర్ అను మతాచార్యుడు 1775–78 నడుమ ముఖలక్షణములను గూర్చి వెలువరించిన సంపుటములు ఐరోపాను ఊపివేసినవి. గాల్ అను వైద్యుడు పుఱ్ఱె ఆకారములో గుణములను వెదకెను. టోప్ఫర్ నవ్వి త్రోసివేసిన ఆ నమ్మకమే రూపము మార్చుకొని భారతదేశమునకు వచ్చినది. 1901 జనాభా లెక్కలకు అధిపతిగ నున్న హెర్బర్ట్ రిస్లీ ప్రజల ముక్కుల పొడవు వెడల్పులను కొలిపించి, ముక్కు ఎంత వెడల్పైన సంఘములో స్థానము అంత తక్కువయని సిద్ధాంతము చేసెను. భరతుడు ముక్కు కదలికను చూచెను. రిస్లీ ముక్కు వెడల్పును కొలిచెను. మొదటిది మనుష్యుని అర్థము చేసికొనుటకు మార్గము. రెండవది మనుష్యుని అర్థము చేసికొనుట మానివేయుటకు మార్గము. రిస్లీ సిద్ధాంతమును తరువాతి శాస్త్రము త్రోసివేసినది.

హాస్యచిత్రము ఈ తప్పునకు లోబడినపుడు ఏమి జరుగునో ఇరువదవ శతాబ్దము చూచినది. 1923 నుండి 1945 వఱకు జర్మనీలో జూలియస్ స్ట్రైఖర్ నడిపిన ‘డెర్ స్ట్యూర్మెర్’ పత్రిక యూదులను వికృతమైన ముక్కులతో, పెదవులతో గీచి వారము వారము ప్రజల ముందుంచెను. 1938లో ఆయన ముద్రణాలయమే బాలబాలికల కొఱకు ఒక చిత్రపుస్తకమును ప్రకటించెను. అందొక బొమ్మలో ఒక బడిపిల్లవాడు నల్లబల్ల వద్ద నిలిచి, దానిపై గీచిన ముక్కును చూపుచు, యూదుని గుర్తించు విధమును అప్పగించుచుండును. నల్లబల్ల, బడి, బొమ్మ — చదువునకు సంబంధించిన మూడు పవిత్రమైన వస్తువులును విషమునకు పాత్రలైనవి. ఆ దేశపు పాలకులు అరువది లక్షల మంది యూదులను చంపిరి. 1946లో న్యూరెంబర్గ్ న్యాయస్థానము స్ట్రైఖర్‌నకు మరణశిక్ష విధించినది. ఆతడు స్వహస్తముతో ఎవరిని చంపెనని కాదు. మాటలతో, బొమ్మలతో హత్యలకు ప్రేరేపించెనని.

ఇంత ఘోరమును తరగతిగదిలోని పిల్లవాని బొమ్మతో పోల్చుట అన్యాయమని తోచవచ్చును. పోల్చుట కాదు, విత్తనమును విత్తనముగా నున్నప్పుడే గుర్తింపవలెననుట. దుర్మార్గుని గీయుమన్నచో పిల్లలు వానికి నల్లరంగు పూయుట, గుణవంతునికి తెల్లరంగు నుంచుట ఎందఱో ఉపాధ్యాయులు చూచినదే. పిల్లలు దానిని కల్పించుకొనలేదు. రాక్షసులను నల్లగను, నాయకులను తెల్లగను చూపిన చిత్రకథల నుండియు, సినిమాల నుండియు, ఇంటిలో మేనిఛాయను గూర్చి వినబడు మాటల నుండియు నేర్చుకొనిరి. లావుగా నున్న బాలుని, మెల్లకన్ను గల బాలికను, పొడవైన ముక్కు గల సహాధ్యాయుని గీచి, బెంచీల నడుమ త్రిప్పి నవ్వుకొనుటయు కలదు. ఆ నవ్వు ఆఱిపోయిన తరువాతను ఆ కాగితము ఒకరి మనసులో నలుగుచుండును.

అట్లని హాస్యచిత్రమున పెద్ద ముక్కు ఉండరాదని కాదు. అతిశయోక్తి లేని హాస్యచిత్రము ఉప్పులేని పప్పు. టోప్ఫర్ పాత్రలకును వింత ముక్కులు గలవు. నియమము వేరు. ముక్కు గుర్తుపట్టుటకు ఉపయోగపడవచ్చును. తీర్పు చెప్పుటకు ఉపయోగపడరాదు. పాత్ర చేయు పనిలో, కోరు కోర్కెలో, చెప్పు అబద్ధములో, పడు కంగారులో నవ్వు పుట్టవలెను. పుట్టుకతో వచ్చినదానిని చూచి నవ్వుట సులభము. అందులో చిత్రకారుని పనితనము లేదు. మార్చుకొనదగినదానిని చూచి నవ్వించుట కష్టము. అందులోనే సంస్కారమును, కళయును కలిసి యున్నవి. దుర్మార్గుని గీయవలసివచ్చినపుడు, రంగు ముట్టకుండ, ముక్కు ముట్టకుండ, చూపుతోను, పెదవితోను మాత్రమే దుర్మార్గమును చూపుమని విద్యార్థులకు పందెము పెట్టవచ్చును. ఆ పందెములో నెగ్గినవాడు చిత్రమును నేర్చును. మనుష్యులను చూచుటయు నేర్చును.

నేటి పిల్లలకు మొగములు గీయవలసిన అవసరమే లేకుండ చేయు సాధనములు చేతిలో నున్నవి. 1963లో అమెరికాలో హార్వీ బాల్ అను చిత్రకారుడు ఒక బీమా సంస్థ ఉద్యోగుల ఉత్సాహము కొఱకు పసుపుపచ్చని నవ్వు మొగమును గీచెను. 1999లో జపానులో ఒక టెలిఫోను సంస్థ 176 చిన్న బొమ్మలను తన ఫోనులలో అమర్చెను. నేడట్టి బొమ్మలు మూడువేలకు మించినవి. కోరిన మొగమును మాటలతో చెప్పినచో క్షణములో గీచి యిచ్చు యంత్రములును వచ్చినవి. ఇవి చెడ్డవని చెప్పుట తగదు. కాని సిద్ధముగా నున్న మొగములలో ఒకదానిని ఎంచుకొనుట వేరు. తన మనసులో నున్నదానికి మొగము వెదకుట వేరు. ఎంచుకొనువానికి ఎదుటివాని మొగము చూడవలసిన పని లేదు. వెదకువాడు అమ్మ నొసటి ముడుతను, తాత బోసినోటి వంపును, తోటివాని కన్నులలోని బెదురును పరిశీలించి తీరవలెను. ఆ పరిశీలన యందే సానుభూతికి తొలి అభ్యాసము కలదు.

పరీక్షలకు అక్కరకు రాని ఈ పనికి సమయమెక్కడిదని ఉపాధ్యాయులు ప్రశ్నింపవచ్చును. వారి భారము చిన్నది కాదు. పాఠ్యాంశములు ముగింపవలెను, రికార్డులు వ్రాయవలెను, ఫలితములు చూపవలెను. కాని ఇది క్రొత్త పాఠము కాదు. ఇరువదియేడు మొగములకు ఒక్క పీరియడు చాలును. చరిత్రపాఠములో ఒక సంఘటనను నాలుగు గళ్లలో గీయుమన్నచో ఆ పాఠము వేరుగా వల్లెవేయించు పని తప్పును. సొంత పాత్రను కల్పింపుమన్నపుడు మూడు షరతులు పెట్టిన చాలును: ఎక్కడనో చూచినదానికి నకలు కారాదు; పదిమార్లు గీచినను అదే మనిషి అని గుర్తింపవలెను; వానికి ఒక కోర్కెయు, ఒక భయమును ఉండవలెను. ఒకనాడు ఆ బొమ్మలలో ఉపాధ్యాయుని మొగమే కనబడవచ్చును. కనుబొమలు ముడివడి, కళ్లజోడు జారి, సుద్దముక్క చేతబట్టిన ఆ మొగమును చూచి కోపగించుటకు ముందు ఒక్క క్షణము ఆగవలెను. అందులో ముక్కును వెక్కిరించినచో చెప్పవలసిన మాట చెప్పవలెను. కనుబొమల ముడిని మాత్రమే పట్టుకొన్నచో, పిల్లవాడు చంచలమైన గుర్తును గమనించెనని సంతోషింపవలెను; ఆ ముడి నిత్యము ఏల కనబడుచున్నదని తానును ఆలోచించుకొనవలెను.

జెనీవా బడిపంతులు చేసినది గొప్ప ప్రణాళిక కాదు. తన చేతిలో మిగిలిన కలముతో, తన ముందున్న పిల్లల కొఱకు ఒక మొగము గీచెను. ఆ మొగము ఏమి చెప్పుచున్నదని అడిగెను. ఆ రెండవ పని ప్రతి ఉపాధ్యాయునకును సాధ్యము. బొమ్మలు గీయుట రాకున్నను సాధ్యము. రేపు దిద్దవలసిన నోటుపుస్తకముల కట్టలో ఎక్కడనో ఒక పుట అంచున ఒక సున్న, రెండు చుక్కలు, ఒక వంపు ఉండియే యుండును. దానిపై ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీయుటకు బదులు, ప్రక్కన రెండు చిన్న ప్రశ్నలు వ్రాయవచ్చును: వీడెవడు? వీనికి కోపమేల వచ్చినది? జవాబు వ్రాయుటకు ఆ విద్యార్థి ఆ రాత్రి మరల పుస్తకము తెఱచును.